మైకుకు ముసురు పట్టకుండా

నటుడి గొంతును సెట్‌లోనే పట్టేసే రోజులొచ్చాయి. ఆ గొంతును కాపాడేది లక్షలు పోసి కొన్న రికార్డరా, పెట్టె అడుగున పడుండే సిలికా పొట్లమా?

2022 జూలైలో 68వ జాతీయ చలనచిత్ర అవార్డులు ప్రకటించినప్పుడు సౌండ్ విభాగంలో పనిచేసేవాళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉత్తమ లొకేషన్ సౌండ్ రికార్డిస్టు అవార్డు కన్నడ చిత్రం ‘డొళ్ళు’కు దక్కింది. లొకేషన్ సౌండ్ అంటే షూటింగ్ జరుగుతుండగా అక్కడికక్కడే పట్టిన ధ్వని. తీరా చూస్తే, ఆ సినిమా సింక్ సౌండ్‌లో తీసినదే కాదని, డబ్బింగ్ చేసినదని దానికి సౌండ్ డిజైన్ చేసిన నితిన్ లూకోస్ స్వయంగా ట్విట్టర్‌లో వెల్లడించారు. ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి కూడా అదే విషయాన్ని ఎత్తిచూపారు. ఆ తర్వాత 2024లో ప్రభుత్వం నిబంధనలు మార్చింది. మూడు ముక్కలుగా ఉన్న ఆడియోగ్రఫీ పురస్కారాన్ని ‘ఉత్తమ సౌండ్ డిజైన్’ అనే ఒకే అవార్డుగా కుదించింది. లొకేషన్ రికార్డిస్టుకంటూ ప్రత్యేకంగా ఉన్న గుర్తింపు అలా జాబితాలోంచి మాయమైంది.

విచిత్రమేమిటంటే, అవార్డు పోయిన ఆ కాలంలోనే పని పెరిగింది. ఓటీటీ సీరియళ్లలో సింక్ సౌండ్ మామూలు విషయమైపోయింది. డబ్బింగ్‌కు అలవాటుపడిన తెలుగులో కూడా ‘పెళ్ళిచూపులు’ (2016), ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) వంటి చిత్రాలు సెట్‌లో పలికిన మాటనే తెరమీదికి తెచ్చాయి. రెండో సినిమాలో నటించినవాళ్లలో చాలామంది విశాఖపట్నంలోని ఆ పేటవాసులే. మొదటిసారి కెమెరా ముందు నిలబడిన మనిషిని మూడు నెలల తర్వాత డబ్బింగ్ థియేటర్లో కూర్చోబెట్టి, అదే కోపం, అదే తడబాటు మళ్లీ పలికించమంటే పలికించగలరా? నటనలో పండిపోయినవాళ్లకే అది కష్టం.

కొన్నిసార్లు మళ్లీ పలికించే అవకాశమే ఉండదు. కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబర్ 29న కన్నుమూసేనాటికి ‘జేమ్స్’ సినిమాకు డబ్బింగ్ చెప్పలేదు. 2022 మార్చిలో సినిమా విడుదలైనప్పుడు తెరమీద ముఖం పునీత్‌ది, గొంతు అన్న శివరాజ్‌కుమార్‌ది. అభిమానులు ముఖం చూసి ఏడ్చారు, గొంతు విని ఇబ్బందిపడ్డారు. తర్వాత సాంకేతికత సాయంతో పునీత్ గొంతును సాధించి ఏప్రిల్‌లో మళ్లీ ప్రదర్శించారు. డబ్బింగ్ మీదే భారం వేసే పద్ధతికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ దొరకదు. సెట్‌లోనే శుభ్రంగా రికార్డు చేసుకుంటే, ఏం జరిగినా ఆ గొంతు భద్రంగా ఉంటుంది.

మొదట్లో మన సినిమాలన్నీ సింక్ సౌండే. 1931లో ‘ఆలం ఆరా’ తీసినప్పుడు స్టూడియో పక్కనున్న రైలు పట్టాల రొదకు భయపడి, రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా షూటింగ్ జరిపారు. తర్వాత స్టూడియో గోడలు దాటి ఔట్‌డోర్‌కు వెళ్లాక, తేలికైన ఆరీ 2సీ కెమెరా అందరికీ ప్రీతిపాత్రమైంది. అది తిరుగుతుంటే కుట్టుమిషన్ పక్కన కూర్చున్నట్టే. ఆ చప్పుడులో మాటలు పట్టడం వృథా అనుకుని, అంతా డబ్బింగ్‌కే వదిలేశారు. సెట్‌లో రికార్డయ్యేది పెదవుల కదలికకు ఆనవాలుగా పనికొచ్చే పైలట్ ట్రాక్ మాత్రమే. 2000లో కచ్‌లోని భుజ్ దగ్గర చిత్రీకరించి మరుసటి ఏడాది విడుదల చేసిన ‘లగాన్’, అంతమంది జనంతో, అంత బహిరంగ ప్రదేశంలో కూడా సింక్ సౌండ్ సాధ్యమేనని నిరూపించింది. నకుల్ కామ్టే, హెచ్.శ్రీధర్‌లకు జాతీయ అవార్డు తెచ్చిపెట్టింది.

కానీ డబ్బింగ్ దశాబ్దాలు ఒక అలవాటును మిగిల్చిపోయాయి. ‘పోతే పోయింది, థియేటర్లో చూసుకుందాం’ అన్నదే ఆ అలవాటు. అద్దె కెమెరాతో పాటు దాన్ని తుడవడానికి, గొడుగు పట్టడానికి మనుషులొస్తారు. సౌండ్ విభాగంలో మొత్తం కలిపి ఇద్దరో ముగ్గురో. పరికరాలు ఎండకు ఎండుతున్నా వానకు తడుస్తున్నా ప్రొడక్షన్‌కు పట్టదు. టేక్ చెడినప్పుడు మాత్రం అందరి చూపులూ రికార్డిస్టు మీదే. అలా చెడిన టేకుల వెనక ఖరీదైన యంత్రాల లోపం కన్నా తేమ, దుమ్ము, తీగ, బ్యాటరీ అనే నాలుగు చిల్లర శత్రువులే ఎక్కువగా కనిపిస్తాయి.

వీటిలో మన వాతావరణానికి పెద్ద శత్రువు తేమ. కండెన్సర్ మైకు గుండెకాయ ఒక సన్నటి పొర. మందం కొద్ది మైక్రాన్లే. మనిషి వెంట్రుక దానికన్నా పదిరెట్లకు పైగా లావు. దాని వెనకే లోహపు పలక. రెండింటి మధ్య విద్యుదావేశం నిలిచి ఉంటుంది. మాటకు పొర కదిలితే ఆ కదలికే విద్యుత్ సంకేతంగా మారుతుంది. మధ్యలో తేమ చేరితే ఆవేశం కారిపోవడం మొదలవుతుంది. అప్పుడు హెడ్‌ఫోన్‌లో తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. సముద్రతీరంలోనో వానాకాలం కేరళలోనో పనిచేసినవాళ్లకు ఈ చప్పుడు బాగా తెలుసు.

1970ల నుంచీ మార్కెట్లో ఉన్న సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 మైకును మన దేశంలో చాలామంది ఇప్పటికీ వదలకపోవడానికి కారణం మొండి అభిమానం కాదు. అందులో పొరమీద ఎక్కువ వోల్టేజీని నిలిపి ఉంచే పద్ధతికి బదులు రేడియో ఫ్రీక్వెన్సీ సర్క్యూట్ వాడారు. ఆ తరహా మైకులు తేమను బాగా తట్టుకుంటాయి. గది లోపలి సన్నివేశాలకు ఇంతకన్నా మృదువుగా, సహజంగా వినిపించే మైకులు వేరే ఉన్నాయి. గదిలో 416 వాడితే గోడలనుంచి తిరిగొచ్చే ధ్వని రంగు మారుతుందన్నదీ నిజమే. కానీ ఒక్క షాట్‌గన్ మైకు మాత్రమే కొనగలిగిన కొత్త రికార్డిస్టు తీరప్రాంతంలో పనిచేయబోతుంటే, ముందుగా చూడాల్సింది దాని తియ్యదనం కాదు, తేమలో అది ఎన్ని గంటలు నిలబడుతుందన్నదే.

ఏ మైకైనా ఇంట్లో ఎలా ఉంచుతున్నారన్నదాన్ని బట్టే దాని ఆయుష్షు. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 70 దాటితే బూజు పట్టే ప్రమాదం. కెమెరా లెన్సుల కోసం అమ్మే డ్రై క్యాబినెట్ ఉంటే మంచిదే. లేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో ఒక చిన్న తేమ మీటరు, ఒక గుడ్డసంచీలో సిలికా జెల్ చాలు. సిలికా గుళికల్లో నీలంవి తడి పీలిస్తే గులాబీ రంగుకు, నారింజవి ఆకుపచ్చకు మారతాయి. అలా మారాక 120 డిగ్రీల దగ్గర గంటో రెండు గంటలో వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. నీలం గుళికల్లో ఉండే కోబాల్ట్ క్లోరైడ్ విషపదార్థం కనుక వాటిని వంటింటి ఓవెన్‌లో పెట్టకూడదు. నారింజవే కొనుక్కోవడం మేలు. తడిసిన ఫోన్ మాదిరిగా మైకును బియ్యం డబ్బాలో పెట్టే ఘనులూ ఉన్నారు. బియ్యపు పిండి జాలీ సందుల్లో చేరడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. మైకుతో పాటు వచ్చే పెట్టెలోని స్పాంజి కూడా తడిని పీల్చి దాచుకుంటుంది. వానలో తడిసిన రోజు మైకునూ, పెట్టెనూ విడివిడిగా ఆరబెట్టకుండా మూత వేస్తే, మైకును తడిబట్టలో చుట్టి బీరువాలో పెట్టినట్టే.

తేమ వర్షంలోంచే వస్తుందనుకుంటే పొరపాటు. ఎక్కువసార్లు అది హోటల్ గదిలోంచి వస్తుంది. రాత్రంతా ఏసీలో 20 డిగ్రీల దగ్గర చల్లబడిన మైకును తెల్లవారుజామున విశాఖ బీచ్‌లోనో చెన్నై మెరీనాలోనో బయటికి తీస్తే, ఫ్రిజ్‌లోంచి తీసిన మంచినీళ్ల సీసా మీద పట్టినట్టే దాని మీదా చెమట పడుతుంది. లోపలి పొర మీద కూడా. మందు చాలా తేలిక. లొకేషన్‌కు చేరాక సంచీ జిప్పు తీయకుండా అరగంట బయటి వేడిలో ఉంచితే చాలు. లోపలి వస్తువులు నెమ్మదిగా బయటి ఉష్ణోగ్రతకు వస్తాయి. యూనిట్ వ్యాన్‌లో ఏసీ ముందు సంచీని పెట్టకపోవడం, రాత్రి దాన్ని ఏసీ లేని పక్కగదిలో ఉంచడం ఇంకా తేలిక. ఈ అరగంట దొరకాలంటే రికార్డిస్టు మిగతా యూనిట్ కన్నా ముందు లొకేషన్‌లో ఉండాలి. దానికి కారు పంపమని ప్రొడక్షన్ మేనేజర్‌ను ఒప్పించడమే అసలు కష్టం.

సముద్రతీరంలో తేమతో పాటు ఉప్పూ ఉంటుంది. సాయంత్రం ప్యాకప్ కాగానే బూమ్ కర్రనూ కనెక్టర్ల పైభాగాన్నీ మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన బట్టతో తుడిచి, ఆపైన పొడిబట్టతో ఆరబెట్టాలి. పొడిబట్టతో మాత్రమే తుడిస్తే ఉప్పు అక్కడక్కడే తిరుగుతుంది. బూమ్ కర్రలో ఒక ముక్కలోంచి ఇంకో ముక్క జారే చోట ఇసుక చేరితే కరకరమంటుంది. ఆ చప్పుడు సరిగ్గా భావోద్వేగ సన్నివేశంలోనే వినిపించడం ఏ శాస్త్రానికీ అందని రహస్యం. ముక్కలు విప్పి తుడవాలే కానీ, నూనె పూయకూడదు. నూనెకు దుమ్ము అతుక్కుంటుంది.

దుమ్ముదీ ఇదే కథ. రాజస్థాన్ ఎడారి కావచ్చు, రాయలసీమ క్వారీ కావచ్చు. షాట్ లేనప్పుడు మైకుకు మూత ఉండాలి. పేరుకున్న దుమ్మును మెత్తటి బ్రష్‌తో, రబ్బరు బంతి బ్లోయర్‌తో పైపైన దులపాలి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర్లు లోపలికి పోతాయి. కంప్రెసర్ గాలి కొడితే పొరే చిరిగిపోవచ్చు. మైకు లోపల శుభ్రం చేయాలనుకోవడం మాత్రం సొంత వైద్యం లాంటిది. అది సర్వీస్ సెంటర్ పని. ఎర్రమట్టిలోనూ ఇసుకలోనూ ఉండే ఇనుప రజను హెడ్‌ఫోన్ అయస్కాంతానికి అంటుకుంటుంది. అందుకే హెడ్‌ఫోన్‌ను నేలమీద పెట్టే అలవాటును మొదటిరోజే మాన్పించాలి.

తేమ, దుమ్ముల తర్వాత చెప్పుకోవాల్సింది తీగల గురించి. కేబుల్‌ను అరచేతికీ మోచేతికీ మధ్య చకచకా చుట్టేయడం మన సెట్లలో తరతరాల విద్య. లైటు కేబుల్‌కు అది చెల్లుతుందేమో కానీ మైకు కేబుల్‌కు చెల్లదు. అలా చుట్టిన ప్రతిసారీ తీగ ఒకే వైపు మెలితిరుగుతుంది. కొన్ని నెలలకు లోపలి జాలీ తెగుతుంది. బయట మాత్రం కేబుల్ కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు చేతిని తిప్పి లోపలివైపుగా వేస్తే ఒక మెలికను ఇంకోటి సరిచేస్తుంది. విసిరితే తిన్నగా పరుచుకుంటుంది. నేర్చుకోవడానికి పదినిమిషాలు, అలవాటుకు వారం. కనెక్టర్ పిన్నులు నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా ఎలక్ట్రానిక్స్ కోసమే తయారైన కాంటాక్ట్ క్లీనర్ వాడాలి. సైకిల్ గొలుసుకు కొట్టే స్ప్రే జిడ్డు మిగులుస్తుంది.

బట్టల్లో దాచే లేపెల్ మైకులకు ఇంకో శత్రువు చెమట. నటుడి నడుముకు కట్టే ట్రాన్స్‌మిటర్‌లోకి అది నేరుగా దిగుతుంది. ప్రపంచమంతటా రికార్డిస్టులు పాటించే చిట్కా ఒకటుంది. లూబ్రికెంట్ లేని కండోమ్ తొడిగి కొన మూసేస్తే ట్రాన్స్‌మిటర్ రోజంతా పొడిగా ఉంటుంది. ఆ బిల్లును ప్రొడక్షన్ అకౌంట్స్‌లో ఏ పద్దు కింద రాయాలన్న చర్చ వేరే సంగతి. మైకు తీగ ట్రాన్స్‌మిటర్‌లోకి వెళ్లే చోటే ముందుగా తెగుతుంది కనుక, అక్కడ ఒక చిన్న వంపు వదిలి టేపు వేయాలి. పట్టుచీర, గంజిపెట్టిన పంచె ఈ మైకులకు బద్ధవిరోధులు. మెడికల్ టేపుతో మైకుకు అటూ ఇటూ బట్టను కదలకుండా బిగించడం కొంతవరకూ ఉపాయం. అంతకన్నా మంచి ఉపాయం కాస్ట్యూమ్స్ విభాగంతో షూటింగ్‌కు ముందే మాట్లాడుకోవడం.

వైర్‌లెస్ కొనేటప్పుడు మాత్రం జేబుకు చిల్లుపడే ప్రమాదం ఇంకో చోట పొంచి ఉంది. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను మొబైల్ కంపెనీలకు ఇచ్చేయడంతో, అందులో పనిచేసే వైర్‌లెస్ మైకులను 2020 జూలై 13 తర్వాత వాడకూడదని అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆదేశించింది. అంతకు పదేళ్ల ముందు 700 బ్యాండ్‌కూ అదే గతి పట్టింది. అక్కడ పనికిరాని సెట్లు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు, ధర చూసి ఆశపడేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన దేశంలో 2022 స్పెక్ట్రమ్ వేలంలో 700 బ్యాండ్‌ను జియో దేశవ్యాప్తంగా కొనుక్కుని 5జీకి వాడుతోంది. 703 నుంచి 803 మెగాహెర్ట్జ్ మధ్య ట్యూన్ అయ్యే పాత మైకును జనసమ్మర్దంలో తెరిస్తే, చుట్టూ ఉన్న ప్రతి జేబులోని ఫోనూ దానికి పోటీదారే. అదే వేలంలో 600 బ్యాండ్‌కు ఎవరూ పాట పాడలేదు. అయినా వేలానికి ఒకసారి వచ్చిన బ్యాండ్ మళ్లీ రాదన్న భరోసా ఎవరిస్తారు? సెకండ్‌హ్యాండ్ సెట్ కొనేముందు పెట్టె మీద రాసిన ఫ్రీక్వెన్సీ పరిధిని స్వయంగా చదివి, ఫొటో తీసుకోవాలి. లెక్ట్రోసోనిక్స్ వంటి సంస్థలు దాన్ని బ్లాక్ నంబర్లుగా రాస్తాయి. బ్లాక్ 26 అంటే దాదాపు 665 నుంచి 691 వరకు. అంటే అమెరికాలో వాడకూడనిదే. అనుమతుల సంగతి చూసేది కేంద్ర టెలికం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం. 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసే చిన్న సెట్లకు ఈ తలనొప్పి తక్కువే కానీ, వైఫై రూటర్లు నిండిన అపార్ట్‌మెంట్‌లోనూ, వందమంది బ్లూటూత్ తెరిచి పెట్టుకున్న చోటా వాటిమీదే ఆధారపడటం సాహసం.

బ్యాటరీల గురించి చెప్పాల్సింది కొద్దిగానే. లిథియం బ్యాటరీలను నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో చల్లటి చోట ఉంచాలి. మే నెలలో మూసిపెట్టిన కారులో వదిలేస్తే అవి త్వరగా ముసలివైపోతాయి. విమానంలో విడి లిథియం బ్యాటరీలు చేతి సంచీలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. 100 వాట్ అవర్ల దాకా ఇబ్బంది లేదు. 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. వోల్టేజీని ఆంపియర్ అవర్లతో హెచ్చిస్తే లెక్క వస్తుంది. 14.4 వోల్టులు, 6.8 ఆంపియర్ అవర్లు ఉన్న బ్యాటరీ దాదాపు 98 వాట్ అవర్లు. రికార్డిస్టులు వాడే పెద్ద బ్యాటరీలు చాలావరకు సరిగ్గా 98 దగ్గరే ఆగిపోవడం వెనక రహస్యం ఇదే. మొనలు టేపుతో మూసి, వాట్ అవర్ల అంకె కనిపించేలా పెడితే భద్రతా సిబ్బందితో వాదన తప్పుతుంది.

ఇక అందరూ మోజుపడే రికార్డర్ సంగతి. 2019లో జూమ్ ఎఫ్6, సౌండ్ డివైసెస్ మిక్స్‌ప్రీ రెండో తరం యంత్రాలు 32 బిట్ ఫ్లోట్ రికార్డింగ్‌ను తెచ్చాక, లెవెల్ సరిచూసుకోవాల్సిన పనే లేదన్న ప్రచారం జోరందుకుంది. నటుడు గుసగుసలాడుతూ ఒక్కసారిగా అరిచినా ఫైలులో ధ్వని చితికిపోదు, తర్వాత తగ్గించుకోవచ్చు. ఇది నిజంగా మంచి సౌకర్యమే. కానీ ఆ సౌకర్యం రికార్డర్‌కు చేరిన ధ్వనికే వర్తిస్తుంది. మైకులోనే చితికిన ధ్వనినీ, వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌లో గెయిన్ ఎక్కువై నలిగిన ధ్వనినీ అది బాగుచేయలేదు. గాలి హోరు, తాలింపు చిటపట, పట్టుచీర గరగర కూడా 32 బిట్లలో ఇంకాస్త స్పష్టంగా రికార్డవుతాయి, అంతే. పాత 24 బిట్ యంత్రాన్ని జాగ్రత్తగా వాడే రికార్డిస్టు, కొత్త యంత్రం కొని మైకును దుమ్ములో పడేసే రికార్డిస్టుకన్నా మంచి ట్రాక్ ఇస్తాడు. చేతిలో కొద్దిపాటి డబ్బే ఉన్నవాళ్లు ముందు ఖర్చుపెట్టాల్సింది గాలి తొడుగు, మంచి కేబుళ్లు, డ్రై బాక్సుల మీద. రికార్డర్ అద్దెకు దొరుకుతుంది. తేమ తగలకుండా పెరిగిన మైకు అద్దెకు దొరకడం అదృష్టం.

కార్డుల విషయంలో ఒకే నియమం చాలు. రెండు కార్డుల మీద ఒకేసారి రికార్డు చేయాలి, రెండింటినీ ఒకే సంచీలో ఇంటికి పంపకూడదు. కార్డును కంప్యూటర్లో కాకుండా రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయాలి. టైమ్‌కోడ్ దగ్గర జరిగే తప్పు మాత్రం ఎడిటింగ్ దాకా బయటపడదు. కెమెరా సెకనుకు 24 ఫ్రేముల మీద, రికార్డర్ 23.976 మీద ఉంటే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. మొదటిరోజు కెమెరా అసిస్టెంటు చెప్పిన అంకెను నమ్మడం కన్నా వెళ్లి మెనూలో చూసుకోవడం మంచిది. భోజన విరామం తర్వాత సింక్ పెట్టెలను మళ్లీ ఒకసారి కలుపుకోవాలి.

గాలి తొడుగును ముద్దుగా ‘చచ్చిన పిల్లి’ అంటారు. దాని పనంతా బొచ్చుదే. బొచ్చు జడలు కడితే గాలిని విడగొట్టలేదు. అప్పుడప్పుడు గోరువెచ్చటి నీళ్లలో చేత్తో ఉతికి, పూర్తిగా ఆరాక పెంపుడు కుక్కలకు వాడే తీగల బ్రష్‌తో దువ్వితే మళ్లీ లేచి నిలబడుతుంది. వానలో దానిమీద ప్లాస్టిక్ సంచీ తొడిగితే, చినుకు పడ్డ ప్రతిసారీ డప్పు కొట్టినట్టుంటుంది. చినుకును ముందే చీల్చేసే ముతక పీచు పొర ఒకటి పైన ఉండాలి. గొడుగుదీ ఇదే సమస్య. గొడుగు కింద రికార్డిస్టు పొడిగా ఉంటాడు, ట్రాక్ నిండా మాత్రం వానే.

ఇవన్నీ ఎప్పుడు చేయాలి? ప్యాకప్ అనగానే. యూనిట్ అంతా బస్సు వైపు పరుగెడుతుంది, జనరేటర్ ఆపేస్తారు, చీకట్లో సెల్‌ఫోన్ వెలుతురులో సామాన్లు సర్దాలి. సరిగ్గా ఆ పావుగంటలోనే తడిసినవి, ఆరినవి వేరుచేయాలి, బ్యాటరీలు లెక్కపెట్టాలి, మైకులకు మూతలు పెట్టాలి. పగలు గరగరమన్న కేబుల్‌కు రెండు చివర్లా ఎర్రటేపు చుట్టి విడి సంచీలో వేయాలి. టేపు చుట్టకుండా మామూలు సంచీలో వేస్తే, అది రాత్రికి రాత్రే మంచి కేబుల్ అయిపోయి తెల్లారి మొదటి షాట్‌కు మళ్లీ మైకు దగ్గరికే వస్తుంది.